తాత అడుగుల గీతలు

వాకాడు దగ్గర మస్తానయ్య తాత పొలం చివర, మెరకలో, నేను భూకంప తరంగాలను నమోదు చేసే పెట్టె పాతిపెట్టాను. ప్రపంచంలో ఎక్కడ భూమి అదిరినా ఆ తరంగాలు భూగర్భం గుండా ఇక్కడిదాకా వస్తాయి. దారిలో ఎక్కడ వేగం పెరిగిందో, ఎక్కడ తగ్గిందో లెక్కగట్టి లోపల ఏముందో బొమ్మ గీస్తాం.

"పుచ్చకాయను తట్టి చూసినట్టా పాపా?" అన్నాడు తాత.

"అంతే తాతా. అందుకే దాని చుట్టుపక్కల ఎవరూ నడవకూడదు."

తల ఊపాడు. ఊపినంత మాత్రాన వింటాడా! మర్నాటి నుంచే కంప్యూటర్‌లో నాకొచ్చే గీతల్లో, తెల్లవారగానే అడుగుల చప్పుడు. తన నేలలో ఉన్నదాన్ని పొద్దున్నే చూసిరాకపోతే ఆయనకు ముద్ద దిగదు. నా పెట్టె కూడా ఆయన లెక్కలో పైరే. నాకసలే ముక్కుమీద కోపం. రెండు నెలలు ఓర్చుకుని ఫోన్ చేశాను. "నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరు చేస్తావా?" అని కడిగేశాను.

ఆ మర్నాటి నుంచి అడుగులు పలచబడ్డాయి. దారికొచ్చాడు, దూరంగా నడుస్తున్నాడు అనుకున్నాను. చలికాలం చివర్లో పూర్తిగా ఆగిపోయాయి. సంతోషించాను కూడా. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

పెట్టె తీసుకుపోదామని వెళ్తే తాత భార్య వెంకటశేషమ్మ ఒక్కతే ఉంది. తాత గుండె ఆగి పోయి మూడు నెలలైందట.

"నేను తిట్టాక పెట్టె వైపు పోవడం తగ్గించాడు గదా అవ్వా. బాధపడ్డాడా?" అని అడిగాను. అడగడానికే భయమేసింది.

"తగ్గించేదా? చెప్పులు ఇడిసేసి పోయినాడు. ఆ బిడ్డకు చప్పుడైతాదని. చలిలో, పల్లేరుకాయల్లో. నేను మొత్తుకున్నా ఇనలే."

భూమి నడిబొడ్డు దాకా చూడబోయినదాన్ని, ఒక ముసలాయన పాదాలు చూడలేకపోయాను. అక్కడే కూలబడి ఏడ్చాను.

"ఏడవబాక రేవతమ్మా," అంటూ అవ్వ కొంగుతో నా మొహం తుడిచింది. "ఆయన నడక ఉండాదా దాంట్లో?"

లాప్‌టాప్ తెరిచి ఆఖరి రోజు చూపించాను. అవ్వ గీత వెంట వేలు నడిపింది. ఒకచోట కాసేపు అడుగుల్లేవు. అది యంత్రంలో లోపమని నేను రాసిపెట్టుకున్నాను.

"ఈడ ఆగినాడు, మడవ కాడ. నీళ్లు చూసుకోకుండా కదలడు," అంది అవ్వ. వేలు ముందుకు సాగి, గీత బాగా లావైన చోట నిలిచింది. "ఇదిగో, నీ పెట్టె కాడికి వచ్చినాడు."

అక్కణ్ణించి గీత సన్నబడుతూ పోయింది.

"ఇంటికొస్తా ఉండాడు," అంది అవ్వ, గుమ్మం వైపు చూస్తూ.