పది వరుసల కాగితం

తాళంచెవి సగం తిరిగి ఆగింది. ముద్దుకృష్ణ దాన్ని బయటికి తీసి, కొనను చొక్కా అంచుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. ఎడమచేత్తో మూతను కాస్త పైకెత్తి తిప్పితే ఈసారి తెరుచుకుంది. క్యాంటీను మెట్ల కింద గోడకు బిగించిన ఆ ఇనుప పెట్టె మీద ‘సిబ్బంది సలహాలు’ అని కన్నడంలోనూ ఇంగ్లీషులోనూ రాసి ఉంటుంది. నెలలో చివరి శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి దాన్ని తెరవడం పదకొండేళ్ళుగా అతని పని. మడిచిన కాగితాలతో పాటు రెండు బస్సు టిక్కెట్లు, ఒక చాక్లెట్ తొడుగు కూడా రాలాయి. చెత్తను ప్యాంటు జేబులో, సలహాలను చొక్కా జేబులో పెట్టుకుని, పెట్టెకు తాళం వేసి, రెండుసార్లు లాగి చూసి నడిచాడు.

యాభై తొమ్మిదేళ్ళ మనిషి. పొట్టి. బెల్టుకు కంపెనీ వేసిన రంధ్రాలు చాలక మేకుతో ఇంకో రెండు పొడిచుకున్నాడు. వరండాలో ఎప్పుడూ గోడవారనే నడుస్తాడు, ఎదురుగా ఎవరూ రాకపోయినా దారి విడుస్తున్నట్టు. చింతామణిలో పొద్దున ఆరున్నరకు బస్సెక్కి, చిక్కబళ్ళాపురంలో మారి, పేరేసంద్ర దాటాక హైవే పక్కన ఉన్న ఈ విశ్వవిద్యాలయం గేటు దగ్గర దిగేవరకు ఒక్కసారి కూడా కండక్టరుతో చిల్లర కోసం వాదించి ఎరగడు. ఇంట్లో మీనాక్షమ్మ చేసిన చారులో ఉప్పు ఎక్కువైతే, ఎక్కువైందనడు. “మజ్జిగ ఉండాదా?” అని అడుగుతాడు.

రిజిస్ట్రార్ ఆఫీసులో కిటికీ పక్కన అతని బల్ల. కాగితాలు ఒక్కొక్కటి విప్పి అరచేత్తో సాపు చేశాడు. చాలామంది పేరు రాయరు, కానీ అతనికి అందరి చేతిరాతలూ తెలుసు. లైబ్రరీ శశికళ ‘క’కు పెద్ద తోక తీస్తుంది. బస్సు నడిపే దేవరాజ్ అక్షరాలు గతుకుల్లో రాసినట్టుంటాయి. ఈ పేజీలన్నిటినీ సాయంత్రంలోగా పది వరుసలు చేసి వీసీ గారికి పంపాలి. పది మించకూడదు. “పెద్దసారుకు అంతకన్నా చదివే తీరిక లేద”ని రిజిస్ట్రార్ మొదటి నెలలోనే చెప్పాడు.

పది వరుసలు చేయడం ఒక విద్య, అది ముద్దుకృష్ణకు బాగా వచ్చు. ‘సాంబారులో పప్పు ఏ మూల ఉందో వెతుక్కోవాల్సి వస్తోంది’ అని వస్తే, ‘భోజన నాణ్యతను మరింత పెంచవచ్చు’ అని వెళ్తుంది. ‘మా హెడ్డు మనుషుల్ని మనుషులుగా చూడడు’ అన్నది ‘శాఖల్లో పరస్పర సౌహార్దం అవసరం’ అవుతుంది. చింతామణి బజారులో అతని తండ్రికి చిల్లర అంగడి ఉండేది. పుచ్చు కందిపప్పు తెచ్చి ముఖాన కొట్టినంత పని చేసిన గిరాకీ వెళ్ళిపోయాక, ఆయన కొడుకుతో అనేవాడు: “గిరాకీ కోపాన్ని మండీ దాకా మోయొద్దురా. దావలోనే దించేసి పో.”

ఒక్కసారి మాత్రం దించలేదు. ఈ పెట్టె పని రాకముందు, డ్రైవర్లు రాసిన ఫిర్యాదొకటి ఉన్నదున్నట్టు పైకి పంపాడు. అప్పటి పెద్దల ఇంటివాళ్ళు ఆఫీసు కార్లను పెళ్ళిళ్ళకు తిప్పుతున్నారని అందులో ఉంది. వారం తిరక్కుండా ముద్దుకృష్ణను పాత రికార్డుల గదికి వేశారు. రెండేళ్ళు ఎలుకల మధ్య, చెదలు పట్టిన జవాబు పత్రాల మధ్య కూర్చున్నాడు. తిరిగి వచ్చాక మళ్ళీ అలాంటి తప్పు చేయలేదు.

మూడో కాగితం విప్పుతుండగా ఆఫీసు అటెండరు బయ్యప్ప ఆనాటి టపా తెచ్చి బల్ల మీద పెట్టాడు. “పదకొండుకి రిబ్బను కటింగు. మీరు ముందరే ఉండాలంట అప్పా, ఫోటోకి” అన్నాడు.

ముద్దుకృష్ణ తల ఊపి టపా అందుకున్నాడు. పైన ఉన్నది శుభ్రం చేసే పని చూసే కాంట్రాక్టరు ఉత్తరం. ముగ్గురు ఆడవాళ్ళను తీసేసి వేరేవాళ్ళను పెడుతున్నారు. కారణం: పనివేళల్లో కూర్చుని ఉండటం కెమెరాలో పడింది. ఆఖరి పనిదినం ఈరోజే. రెండో పేరు చెన్నమ్మ, కొత్త భవనం, మూడో అంతస్తు.

అతని చేతిలో ‘అందింది’ ముద్ర ఉంది. ఇంకులో అద్ది, తేదీ సరిచూసి, ఉత్తరం మూల మీద వేశాడు. వేశాక, ముద్ర ఎత్తకుండా అలాగే కాసేపు ఒత్తి పట్టుకున్నాడు.

చెన్నమ్మ మొదటిసారి ఈ గుమ్మంలో నిలబడింది రెండేళ్ళ కిందట. బాగేపల్లి పక్క పల్లె. చదువు రాదు. ఆఫీసులో తెలుగు మాట్లాడే మనిషి ఉన్నాడని ఎవరో చెబితే వచ్చింది. ఎత్తుగా, ఎముకలు కనిపించే మనిషి. యూనిఫాం కోటు చేతులు పొట్టివై మణికట్లు బయటికి ఉండేవి. ఒక కాలి బరువు ఇంకో కాలి మీదికి మార్చుకుంటూ చెప్పింది.

“నిలబడుకోనీకి అయితా లేదప్పా. మోకాళ్ళు పట్టుకుంటాండాయి. క్లాసుల్లో బెంచీలు పిల్లోళ్ళకంట. మెట్ల మీద కూచుంటే చూసేదానికి బాగుండదంట. ఆ లిఫ్టు పక్కన మూల ఉండాది కదా, ఆడ ఒగ స్టూలు ఏపిస్తే సాలు. ఎవురికీ అడ్డం రాదు.”

ముద్దుకృష్ణ రాసుకున్నాడు. ఆ నెల పది వరుసల్లో ఏడోది: ‘సిబ్బందికి విశ్రాంతి వసతులు మెరుగుపరచడం పరిశీలించవచ్చు.’ స్టూలు అని రాస్తే ఎవరికి, ఎందుకు, కూర్చోనివ్వనిది ఎవరు అన్న ప్రశ్నలు వస్తాయి. ఈ మాటలో ఏ ప్రశ్నా లేదు.

నెల తర్వాత ఆమె మళ్ళీ వచ్చింది. “నా కాయితం పోయిందాప్పా?”

“పోయిండాది చెన్నమ్మా. పైన చూస్తాండారు.”

అది అబద్ధం కాదు. మూడు నెలలు వరుసగా అదే వాక్యం పంపాడు. మూడోసారి రిజిస్ట్రార్ పక్కన పెన్సిలుతో ‘మళ్ళీనా?’ అని రాశాడు. నాలుగో నెల నుంచి ముద్దుకృష్ణ దాన్ని మానేశాడు. ఆమె వస్తూనే ఉంది. “పైన చూస్తాండారు” అని అతను చెబుతూనే ఉన్నాడు.

నిజంగానే పైన చూశారు. పోయిన ఏడు తనిఖీకి వచ్చిన కమిటీ, సిబ్బంది సంక్షేమానికి ఏం చేశారని అడిగితే, వీసీ గారు పాత కాగితాలు తెప్పించారు. ఏడో వరుస ఆయనకు నచ్చింది. పరిపాలనా భవనం కింది అంతస్తులో ఆరునెలల్లో గది తయారైంది. గుర్తింపు కార్డు తాకిస్తే తెరుచుకునే అద్దాల తలుపు. కాంట్రాక్టు పనివాళ్ళకు ఆ కార్డులు లేవు.

పదకొండు గంటలకు ఆ తలుపు ముందు నలభైమంది గుమిగూడారు. రిబ్బను తెగింది. లోపల బూడిదరంగు సోఫాలు, కాఫీ యంత్రం, కుండీల్లో మొక్కలు, ఒక మూల కాళ్ళు పెట్టుకుంటే మర్దన చేసే యంత్రం. వీసీ గారు కన్నడంలో నాలుగు మాటలు మాట్లాడారు. ఈ ఆలోచన తనది కాదని, సిబ్బంది గుండెలో నుంచి వచ్చిందని, దాన్ని తన దాకా మోసుకొచ్చింది ముద్దుకృష్ణ అని చెప్పి, భుజం మీద చెయ్యి వేసి ముందుకు లాగారు. చప్పట్లు కొట్టారు. కెమెరా మెరిసింది.

చప్పట్లు ఆగాక ఆయన అతని వైపు తిరిగారు. “ఇంకేమైనా ఉందా ముద్దుకృష్ణా, సిబ్బంది తరఫున? చెప్పు, సంకోచం వద్దు.”

నిజంగానే అడిగారు. మొహంలో నటన లేదు. ముద్దుకృష్ణ నోటిలోకి మాటలు వరుసగా వచ్చి నిలబడ్డాయి: మూడో అంతస్తులో చెన్నమ్మ అని ఒకామె సార్, ఇది అడిగింది ఆమె, ఆమె అడిగింది ఇది కాదు, ఆమెను ఈరోజే తీసేస్తున్నారు. ఆయన ఒక్కమాట అంటే ఆ ఉత్తరం ఆగిపోతుంది. పక్కన రిజిస్ట్రార్ గడియారం చూసుకున్నాడు, ఎందుకు చూసుకున్నాడో తెలియదు. రికార్డుల గది వాసన ముద్దుకృష్ణ ముక్కుకు తగిలింది. ఇంకా ఎనిమిది నెలల సర్వీసు ఉంది.

“ఏమీ లేదు సార్. అందరూ సంతోషంగా ఉన్నారు.”

వీసీ గారు నవ్వి ముందుకు సాగారు. ఎవరో కాగితపు కప్పులో కాఫీ ఇచ్చారు. ముద్దుకృష్ణ దాన్ని తాగలేక, పారబోయడానికి చోటు దొరక్క, ఆఫీసు దాకా పట్టుకొచ్చాడు.

మధ్యాహ్నం మూడు దాటాక చెన్నమ్మ వచ్చింది. యూనిఫాం కోటు లేకుండా ఆమెను చూడటం అదే మొదటిసారి. పసుపు అంచు ఆకుపచ్చ చీర. ఉతికి మడతపెట్టిన కోటు ఒక చేతిలో, తాళంచెవి ఇంకో చేతిలో.

“సూపర్‌వైజర్ మోహన్‌కుమార్ బెంగళూరికి పోయినాడంటప్పా. మీ దగ్గర ఇచ్చేసి పొమ్మన్నాడు. ఇది మూడో అంతస్తులో పైపుల అలమారా బీగం. మాపులు, చీపుర్లు అన్నీ దాంట్లోనే ఉండాయి. ఒగసారి చూసుకోండి, మళ్ళీ లెక్కకి రాలేదంటారు.”

“సరే చెన్నమ్మా.”

ఆమె వెళ్ళలేదు. మొహంలో ఏదో చెప్పాలన్న వెలుగు.

“ఆ రూము చూసినానప్పా. నిన్న తుడిసింది నేనే. అబ్బా, సోఫాలు ఎట్లుండాయి! కాళ్ళు పిసికే మిషను కూడా పెట్టిండారే. నేనడిగిండేది ఒగ స్టూలే కదప్పా. మీరేం రాసినారో ఏమో, ఏకంగా రూమే కట్టిచ్చినారు.”

ముద్దుకృష్ణ ఆమె కళ్ళలో ఎత్తిపొడుపు కోసం వెతికాడు. అది ఉంటే బాగుండునని ఆశపడ్డాడు. లేదు.

“నాకి కాకపోతే ఏమి, ఎవురో ఒగురు కూచుంటారు లెండి” అంది. “పుణ్యం మీకే.”

“చెన్నమ్మా, నేను…”

“ఏమప్పా?”

బల్ల ఎదురుగా ఉన్న కుర్చీ మీద ఫైళ్ళున్నాయి. వాటిని తీసి కింద పెట్టి, “కూచో” అన్నాడు.

అన్నాకే తట్టింది. రెండేళ్ళు. ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. మోకాళ్ళ నొప్పి గురించి ఆమె నిలబడి చెబుతుంటే అతను కూర్చుని విన్నాడు. కుర్చీ ఎప్పుడూ అక్కడే ఉంది. ఫైళ్ళు తీయడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు.

“వద్దులేప్పా, బాగేపల్లి బస్సు వచ్చే టైమయింది” అని చెన్నమ్మ కోటును బల్ల మీద పెట్టి, దాని మీద తాళంచెవి పెట్టింది. “పోయొస్తా.” ఒక్కో అడుగుకు గుమ్మం, గోడ, స్తంభం పట్టుకుంటూ వరండా దాటింది. కిటికీలో నుంచి, ఆమె గేటు దగ్గర వాచ్‌మన్‌తో ఏదో నవ్వుతూ మాట్లాడటం, తర్వాత బస్సు వచ్చి ఆగటం, బస్సు కదిలాక అక్కడ ఎవరూ లేకపోవడం కనిపించాయి.

నాలుగింటికి అతను కంప్యూటరు ముందు కూర్చుని తొమ్మిది వరుసలు కొట్టాడు, ఎప్పటిలాగే. పదో వరుస దగ్గర చేతులు ఆగాయి. తర్వాత నెమ్మదిగా కొట్టాడు: ‘కొత్త భవనం మూడో అంతస్తులో లిఫ్టు పక్కన, శుభ్రం చేసేవాళ్ళు కూర్చోవడానికి ఒక స్టూలు కావాలి.’ పదకొండేళ్ళలో ఎవరి మాటనూ అంత సూటిగా రాయలేదు. రెండుసార్లు చదువుకున్నాడు. అడిగిన మనిషి వెళ్ళిపోయింది, ఇప్పుడు ఈ వరుస వల్ల ఎవరికీ ఏమీ కాదు, అందుకే రాయగలిగాడు. అది తెలిసి చెవులు వేడెక్కాయి. అయినా చెరపలేదు. ప్రింటు తీసి, సంతకం పెట్టి, లోపలికి పంపాడు.

తాళంచెవి తీసుకుని కొత్త భవనానికి వెళ్ళాడు. అది కట్టి నాలుగేళ్ళయినా పైకి ఎక్కింది లేదు. లిఫ్టు పనిచేస్తోంది కానీ మెట్లే ఎక్కాడు. రెండో అంతస్తు దగ్గరికే అతని మోకాళ్ళు కూడా పట్టేశాయి. మూడో అంతస్తు వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి అద్దంలా మెరుస్తోంది. కూర్చోవడానికి ఒక గట్టు కూడా లేదు. ఆ చివర, కప్పు మూలన, కెమెరా.

పైపుల అలమారా లిఫ్టు వెనక ఉంది. తలుపు తీస్తే ఫినాయిలు వాసన కొట్టింది. మోకాళ్ళు ముడుచుకుంటే ఒక మనిషి పట్టేంత చోటు. మాపులు కడిగి, తల కిందులుగా ఆరబెట్టి ఉన్నాయి. చీపుర్లు అయిదు, ఒక దారంతో కట్టి ఉన్నాయి. వాటిని పక్కకు జరిపితే, గోడ దగ్గర, నీళ్ళ గొట్టాల సందులో బోర్లించిన పెయింటు బక్కెట్టు కనిపించింది. దాని మీద పాత చీరను పొరలు పొరలుగా మడిచి, చుట్టూ సన్నగా కుట్లు వేసిన గుండ్రని మెత్త, నడిమధ్యలో లోతుగా అణిగిపోయి ఉంది.