దిష్‌దాషా మీద నాగకన్య

హవల్లీలో ఎలక్ట్రానిక్స్ కొట్ల వెనక సందులో ఉన్న లాండ్రీలో బాలసుబ్బయ్య పొద్దున ఆరింటికే ఇస్త్రీపెట్టె వేడెక్కించేవాడు. ముందు కువైటీలు మడమల దాకా తొడుక్కునే తెల్ల దిష్‌దాషాలు, తర్వాత ఆఫీసు చొక్కాలు, ఆ తర్వాత టీచర్ల నేత చీరలు. కడప జిల్లా నుంచి వచ్చి ఇరవై ఎనిమిదేళ్లయింది. నిలబడి నిలబడి పిక్కల మీద నరాలు తాళ్లలా లేచాయి.

బాగా కాలిన పెట్టె కింద నుంచి బయటపడగానే బట్ట మీద బొమ్మలు కదిలేవి. ఆ బట్ట తొడుక్కునే మనిషి లోలోపల ప్రాణంగా ప్రేమించి, పైకి చెప్పుకోవడానికి సిగ్గుపడే సినిమా ఏదో అది ఆడేది. వేడి ఉన్నంతసేపే. చల్లారితే మామూలు గుడ్డ. పాటలు గోడ అవతల రేడియోలా సన్నగా వినిపించేవి. సందులో అందరికీ తెలుసు. కాఫీ మరక పోతుందా లేదా అని వాదించేవాళ్లు కానీ, ఈ సంగతి ఎవరూ ఎత్తేవాళ్లు కాదు.

అందుకే సుబ్బయ్య పనికి ఒక పద్ధతి ఉండేది. రుద్దిన భాగాన్ని రుద్దినట్టే లోపలికి మడిచేసేవాడు. పూర్తిగా చల్లారాకే బల్ల మీద పెట్టేవాడు. ఎవరి సినిమా వాళ్లది.

ఈ సిగ్గు జనానికి ఎవడు నేర్పాడో కానీ గట్టిగా నేర్పాడు. అమలాపురం నుంచి వచ్చిన విజయదుర్గ టీచరు తెలుగు సంఘం మీటింగుల్లో మంచి సినిమా అంటే ఏమిటో అరగంట చెప్పేది. ఆమె చీర మీద మాత్రం హీరో తొడ కొడితే పది జీపులు గాల్లోకి లేచేవి. టాక్సీ నవీద్‌ది పెషావరు. ఆ మీసం చూస్తే ట్రాఫిక్ పోలీసు కూడా మర్యాదగా మాట్లాడతాడు. అతని కమీజు మీద ఒక కుక్కపిల్ల విడిపోయిన ప్రేమికులను కలిపి పెళ్లి చేయించేది. పన్నెండు గంటలు ఎండలో తిరిగొచ్చినవాడు ఆ కుక్కపిల్లను చూసి ఏడిస్తే ఎవరి సొమ్ము పోయింది? ఏది చూసి ఏడవాలో వాడికి చెప్పడానికి చల్లని గదుల్లో కూర్చున్నవాళ్లెవరు?

సుబ్బయ్యకు ఒకే ఒక్క తప్పుడు అలవాటు ఉండేది. అతను చూసేవాడు. మడత పెట్టేముందు ఆ సినిమా చివరిదాకా చూడనిదే చెయ్యి ఆడేది కాదు. పెట్టెను మెల్లగా, అంచు చల్లారకుండా వెనక్కీ ముందుకీ తిప్పుతూ, మెడ దగ్గర మొదలైన కథను కింది కుట్టు దాకా నడిపించేవాడు. ఇలా చేస్తే పని ఎప్పుడు తెమలాలి?

కొట్టు యజమాని, అతని వీసాకు పూచీ పడ్డ కఫీల్, అబూ మిష్అల్. మినిస్ట్రీలో పెద్ద ఉద్యోగం చేసి దిగిపోయినవాడు. వార్తలు తప్ప ఏమీ చూడనని చెప్పుకునేవాడు. తన దిష్‌దాషాలు మాత్రం సొంత కొట్టులో వేసేవాడు కాదు. కారు వేసుకుని అల్ రాయ్ దాకా పోయి, ముక్కూమొహం తెలియని చోట ఇస్త్రీ చేయించుకునేవాడు.

"సుబా, గంటకు రెండా? పక్క సందువాడు పన్నెండు చేస్తున్నాడు," అన్నాడు ఒకరోజు.

"ఏం చేసేది బాబా, గుడ్డ మందంగా ఉండాది. బిరబిరా పోతే ముడత పోదు."

"గుడ్డ మందం కాదు, నీ చెయ్యి మందం. ఆవిరి మిషను తెప్పిస్తున్నా. నెలాఖరుకు నీ ఇఖామా, ఇక్కడ ఉండే పర్మిట్టు, అయిపోతుంది కదా. ఇక ఖలాస్. ఇంటికెళ్లి హాయిగా కూర్చో."

హాయిగా కూర్చోవడమట! ఊళ్లో కూతురు వెంకటేశ్వరి నర్సింగ్ రెండో ఏడాదిలో ఉంది. ఇంకో రెండేళ్లు సుబ్బయ్య ఈ బల్ల దగ్గర నిలబడితేనే ఆ పిల్ల చదువు గట్టెక్కుతుంది. తప్పు సుబ్బయ్యదే, కాదనేదేం లేదు. కానీ ఇరవై ఎనిమిదేళ్లు నిలబెట్టి పని చేయించుకున్న మనిషిని ఒక్క మాటతో పొమ్మనడం కూడా తప్పే. సినిమాలు చూస్తూ ఆలస్యం చేశానని చెప్పుకోలేక సుబ్బయ్య ఇఖామా రద్దు కాగితం మీద వేలిముద్ర వేశాడు. అబూ మిష్అల్ దాన్ని సొరుగులో పెట్టాడు.

గురువారం పొద్దున మిషను వచ్చింది. మనిషంత ఎత్తు బొమ్మ. దానికి దిష్‌దాషా తొడిగి మీట నొక్కితే లోపలి నుంచి ఆవిరి తన్ని ఒక్క నిమిషంలో ముడతలన్నీ పోతాయి. విజయదుర్గ చీరల కోసం వచ్చి నిలబడింది. నవీద్ టీ గ్లాసుతో గుమ్మంలో ఉన్నాడు.

"మొదటి బట్ట యజమానిదే పడాలి, బరకత్ ఉంటుంది," అన్నాడు నవీద్.

కొత్త వస్తువు సంబరంలో మనిషికి ఒళ్లు తెలియదు. అబూ మిష్అల్ కారులో ఉన్న సంచీలోంచి తన దిష్‌దాషా తెచ్చి స్వయంగా బొమ్మకు తొడిగి మీట నొక్కాడు.

మడిచేవాడు లేడు. మెడ నుంచి మడమ దాకా సినిమా మొదలైంది. ఒక నాగకన్య, నుదుటి మీద మణితో, తప్పిపోయిన తమ్ముడిని వెతుక్కుంటూ లారీ నడుపుతోంది. స్టీరింగు మీద రెండు పాములు. వెనక గుర్రాల మీద దొంగలు. లారీ వంతెన ఎక్కింది. వంతెన విరిగింది. అంచున వేలాడుతున్న కుర్రాడి మెడలో కూడా అలాంటి మణే! అక్క చెయ్యి చాపింది. వేళ్లు జారుతున్నాయి.

బట్ట చల్లారింది.

అబూ మిష్అల్ మొహం ఎర్రబడింది. ఎవరూ నవ్వలేదు.

"ఆ తర్వాత?" అన్నాడు నవీద్.

"నాకు తెలియదు."

"అదేవిటండీ, మీ సినిమాయే కదా?" అంది విజయదుర్గ.

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "పన్నెండేళ్లప్పుడు మా అమ్మతో చూశాను, క్యాసెట్‌లో. సరిగ్గా ఇక్కడికి వచ్చేసరికి నాన్న వచ్చి ఆపేశాడు. మగపిల్లాడు చూసేదా ఇది అన్నాడు. నలభై ఏళ్లు. ఆ పిల్లాడు పడిపోయాడా లేదా అని ఒక్కడినీ అడగలేకపోయాను."

మళ్లీ మీట నొక్కారు. లారీ మొదటినుంచి బయల్దేరి వంతెన దాకా వచ్చి ఆగింది. మూడోసారీ అంతే. మిషన్ వేడి నిమిషం కంటే నిలబడదు.

సుబ్బయ్య ఇస్త్రీపెట్టె మీద చుక్క నీళ్లు చిలకరించాడు. చుయ్‌మంది.

"ఇట్ల ఇయ్యండి బాబా." బట్టను బల్ల మీద పరిచి ఆగాడు. "ఒక్క మాట. మడత లోపలికి పెట్టాల్నా, బయటికి పెట్టాల్నా?"

అబూ మిష్అల్ గుమ్మంలో ఉన్నవాళ్ల వంక ఒకసారి, బల్ల వంక ఒకసారి చూశాడు.

"బయటికే."

పెట్టె మెల్లగా కదిలింది. లారీ బయల్దేరింది, వంతెన ఎక్కింది, విరిగింది. వేళ్లు జారుతున్నాయి.

"బాబాయ్ గారూ, ఆ కుడి అంచు చల్లారిపోతోందండీ! పిల్లాడు అక్కడే ఉన్నాడు!"

"నాకు తెల్సులే టీచరమ్మా, నువ్వు అడ్డం రావాకు!" సుబ్బయ్య పెట్టెను గిర్రున వెనక్కి తిప్పాడు. పాములు రెండూ ఒకదాన్నొకటి చుట్టుకుని తాడై కిందికి జారాయి. కుర్రాడు తాడు పట్టుకున్నాడు. నవీద్ చేతిలో టీ ఒలికింది. అక్కాతమ్ముళ్ల మణులు ఒకదానికొకటి తగిలి మెరిసేసరికి అబూ మిష్అల్ రెండు చేతులతో మొహం కప్పుకుని, వేళ్ల సందుల్లోంచి చూస్తూ పెద్దగా నవ్వాడు.

"బతికాడు! వల్లా, బతికాడు!"

"నా చీరలు కూడా బయటికే వేసెయ్యండి," అంది విజయదుర్గ. "జీపులండీ. పది జీపులు. చూసుకోండి అందరూ."

"నాది కుక్కపిల్ల," అన్నాడు నవీద్ మీసం సవరించుకుని.

అబూ మిష్అల్ లేచి సొరుగు లాగాడు. రద్దు కాగితాన్ని నాలుగు ముక్కలు చేసి టీ ఒలికిన చోట తుడవడానికి నవీద్‌కిచ్చాడు. మిషనును హోటళ్ల దుప్పట్లకు పెట్టమన్నాడు. వాటిని ఎవరూ తొడుక్కోరు కనక వాటి మీద ఏ సినిమా ఆడదు.

"సుబా, నీ బతాకా ఇవ్వు. రెండేళ్లకు రాయిస్తా."

సుబ్బయ్య ఎడమ చేత్తో జేబులోంచి కార్డు తీసి ఇచ్చాడు. కుడిచెయ్యి పెట్టె మీదే ఉంది. చివరి పాట ఇంకా అవలేదు. కళ్లు మసకబారి, ఆ పాటలో ఎవరెవరు ఆడారో మాత్రం అతనికి కనబడలేదు.

అబూ మిష్అల్ చల్లారేదాకా ఆగలేదు. లోపలి గదిలోకి పోయి ఆ దిష్‌దాషాయే తొడుక్కుని, కార్డు పట్టుకుని ఇఖామా ఆఫీసుకు బయల్దేరాడు. వీపు మీద నాగకన్య, తమ్ముడు, బాగుపడ్డ దొంగలు అందరూ కలిసి ఆడుతున్నారు. పాట సందంతా వినబడుతోంది. ఎదురుగా బ్రీఫ్‌కేసుతో వస్తున్న ఒక పెద్దమనిషి పక్కకు తప్పుకుని దారిచ్చాడు. రెండడుగులు వేసి ఆగాడు. చుట్టూ చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, తను పోవాల్సిన దారి అటు కాకపోయినా, ఆ వీపు వెంటే నడిచాడు.