రంపం కింద తొడ ఎముక

నేను ఒక తొడ ఎముకను. పొడవు మీ చేయంత ఉంటుంది. ఎప్పుడో మనిషి అనేవాడు లేని కాలంలో, పొడవాటి మెడ చాపి ఆకులు మేసిన డైనోసారుకు నేను కుడికాలిలో ఉండేదాన్ని. అది చచ్చిపోయాక వరద మట్టిలో కూరుకుపోయాను. నీళ్లలోని ఖనిజాలు సందుసందునా చేరి నన్ను రాయిని చేశాయి. కానీ లోపలి అల్లిక చెదరలేదు. రక్తం పారిన సన్నటి గొట్టాలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

ప్రాణహిత ఒడ్డున ఆత్రం జంగుబాయి చేనులో నాగలికి తగిలి బయటపడ్డాను. ఆమె నన్ను ఇంటి ముందు పడేసుకుని కొడవలి నూరుకునేది. అన్ని కోట్ల ఏళ్ల తరవాత నాకు దొరికిన మొదటి కొలువు అది. ఆ దారిన రాళ్లు వెతుక్కుంటూ వచ్చిన చక్రపాణి నన్ను చూసి అక్కడే కూలబడ్డాడు. ఆయన భూగర్భశాస్త్రం చెప్పే పంతులు. అడగడానికి మొహమాటపడుతుంటే జంగుబాయే నవ్వింది.

"పట్టుకపో సారూ. కొడవలి నూరనీకి ఇంకో రాయి దొరుకతది తియ్యి."

చేనంతా గాలించినా నాలాంటిది ఇంకొకటి దొరకలేదు. పెద్దయినా గేదె ఎత్తు దాటని మరుగుజ్జు జాతి ఇదని చక్రపాణి ప్రకటించాడు. పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కాడు. నేను మ్యూజియంలో అద్దాల పెట్టెలోకి ఎక్కాను. టిక్కెట్టు కొనుక్కుని వచ్చినవాళ్లు నన్ను చూసి, "ఇంతేనా?" అని పెదవి విరిచేవాళ్లు. చచ్చినవాళ్లయినా సరే, మనుషులకు పెద్దవాళ్లే కావాలి.

ఆ తరవాత ఝాన్సీ వచ్చింది. చక్రపాణి దగ్గరే చదువుకుని, అదే మ్యూజియంలో పరిశోధకురాలిగా చేరింది. ఒకరోజు గురువుగారిని ఇంటి నుంచి పిలిపించి, పెట్టె ముందు నిలబెట్టి నెమ్మదిగా చెప్పింది.

"సార్, ఇది మరుగుజ్జుదో, పెద్ద జాతిలో పిల్లదో బయటినుంచి తెలియదు. కోసి చూడాలి."

"ఉన్నదే ఒక్క ఎముక. దాన్ని కూడా ముక్కలు చేస్తావా?"

"ముందే అచ్చు తీసి పెడతాను సార్. నడుమ నుంచి పలచటి పలక ఒక్కటి చాలు."

"నా బతుకంతా ఆ ఎముకలో ఉందమ్మా," అని ఆయన వెళ్లిపోయాడు. ఆ తరవాత ఆమె ఫోన్ చేసినా ఎత్తలేదు.

అధికారులు అనుమతైతే ఇచ్చారు గానీ, ఎముక పగిలితే ఇకపై ఏ ఎముక మీదా రంపం పెట్టనివ్వబోమన్నారు. కోసే రోజు చక్రపాణి పిలవకుండానే వచ్చాడు. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

నన్ను బిగించారు. వజ్రపు పొడి అద్దిన చక్రం గిర్రున తిరిగింది, దాని మీద నీళ్లు ధారగా పడ్డాయి. చక్రం నాలోకి దిగుతుంటే ఎర్రటి బురద కారింది. సగం దాకా వచ్చేసరికి నాలో ఎక్కడో టిక్కుమంది.

ఝాన్సీ చటుక్కున యంత్రం ఆపేసింది. కోత చివర నుంచి వెంట్రుకంత పగులు పక్కకు పాకుతోంది. ఆమె గబగబా జిగురు పట్టించి, పగులు ఆగేదాకా రెండు చేతులతో అదిమి పట్టుకుంది. పగులు ఆగింది. కానీ ఇంకొంచెం కోస్తే నిలుస్తానో, ముక్కముక్కలవుతానో నాకే తెలియదు.

"ఆపేద్దాం సార్," అంది ఝాన్సీ. "అతికించేస్తే కనిపించదు. మీ మరుగుజ్జు మీకు ఉంటుంది."

చక్రపాణి ముందుకొచ్చాడు. జేబులోంచి భూతద్దం తీసి కోత దగ్గరకు వంగాడు. ఆయన ఊపిరి నాకు వెచ్చగా తగిలింది. ఎంతసేపు చూశాడో! వదిలెయ్, అతికించెయ్ అని ఆయన ఒక్కమాటంటే చాలు, నా ఒళ్లు దక్కేది. ఆయన పేరూ దక్కేది.

"కొయ్యి," అన్నాడు.

"సార్..."

"చెయ్యి వణకనీకు. నేను ఇటు పట్టుకుంటాను. కొయ్యి."

ఆయన ముసలి అరచేతులు నన్ను గట్టిగా పట్టుకున్నాయి. చక్రం మళ్లీ తిరిగింది. పలక తెగి వచ్చింది. నేను పగిలిపోలేదు.

ఆ పలకను గాజుకు అంటించి, వెలుతురు ఇటునుంచి అటు కనబడేదాకా అరగదీశారు. సూక్ష్మదర్శినిలో ముందు ఝాన్సీ చూసింది. చూసి, పక్కకు జరిగింది. చక్రపాణి కన్ను పెట్టాడు.

"అబ్బ, ఎన్ని రక్తనాళాలు! కిక్కిరిసి ఉన్నాయి. ఎంత వేగంగా పెరిగిందో," అన్నాడు.

"అంచు చూడండి సార్."

ఎదుగుదల ఆగిపోయిన ఎముక అంచున గీతలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ దగ్గరగా ఉంటాయి. నా అంచున అవి లేవు. అక్కడి దాకా రక్తనాళాలే.

"ఇంకా పెరుగుతూనే ఉంది," అన్నాడాయన మెల్లగా. "ఇది చిన్న జాతి కాదమ్మా. చిన్న పిల్ల."

ఝాన్సీ తల దించుకుంది. ఆయన మాత్రం కన్ను తీయలేదు. పలకను అటూ ఇటూ జరుపుతూ ఒకచోట ఆగాడు. అక్కడ ఒక నల్లటి గీత ఉంది. ఒక ఏడాది ఎదుగుదల నిలిచిపోయిన గుర్తు.

"ఇక్కడ చూడు, ఝాన్సీ. ఈ ఏడు దీనికి తిండి దొరికినట్టు లేదు. ఎట్లా బతికి బయటపడిందో, పాపం."

ఆ ఏడు మాకు వానల్లేవు. చెట్లు మోడులైపోయాయి. ఏటి ఇసుక తవ్వి తడి నాకుతూ, పెద్దవాటి కాళ్ల సందున నీడ వెతుక్కుంటూ నడిచాం. ఆ సంగతి నన్ను ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు.

ఝాన్సీ కుర్చీ తెచ్చి ఆయన వెనక వేసింది. ఆయన చూస్తూనే కూర్చున్నాడు.