పెరికిన మొలక

మదురైకి రైలు వచ్చిన కొత్తల్లో తిరుమంగళం పక్క పల్లెలో అళగిరిసామి బడి వాద్యారు. వల్లె వేయించడం కాదు, వస్తువును పిల్లల చేతికిచ్చి చూపించాలనే కొత్త పద్ధతిని మదురై వెళ్లి నేర్చుకుని వచ్చాడు. నేర్చుకోవడానికేం, ఎవరైనా నేర్చుకుంటారు. ఇన్‌స్పెక్టరు ఎదుట చేసి చూపమన్నప్పుడే తెలుస్తుంది కష్టం. పాఠం కుదరకపోతే ఉద్యోగం ఊడుతుంది.

విత్తు మొలకెత్తే పాఠం ఎంచుకున్నాడు. మొలకలు త్వరగా రావడానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే, చిన్నప్పుడు అమ్మ కొంగు పట్టుకుని చూసినది. కుండలో ఎరువుపొడి వేసి, నవధాన్యాలు చల్లి, చీకటిగదిలో పెట్టాడు. అది అచ్చం ఆడవాళ్లు అమ్మవారికి మొక్కి పెంచే మొలకల కుండ, ముళైప్పారి, అయి కూర్చుందని ఆ తెలివిగల మహానుభావుడికి తట్టనే లేదు.

ఇన్‌స్పెక్టరు కోదండరామన్ వచ్చి కూర్చున్నాడు. అళగిరిసామి కుండ తెచ్చి గుడ్డ తీశాడు. పాలిపోయిన పసుపు మొలకలు కనబడగానే పిల్లలందరూ లేచి దండం పెట్టారు. బడికి వచ్చే ఒక్కగానొక్క ఆడపిల్ల పాంచాలి నాలుక ఆడించి, అమ్మవారి పూజలో ఆడవాళ్లలా కులవై కూత పెట్టింది.

"పూజ బాగుంది. ఇక పాఠం కానివ్వండి. పిల్లల్నే పెరికి వేరు చూడమనండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఒక్కడూ కదల్లేదు.

"వొద్దు వాద్యారయ్యా," అంది పాంచాలి ఏడుపుగొంతుతో. "ముళైప్పారి పెరికినోళ్ల ఇంట్లో కడుపు నిలవదంట. మా అవ్వ చెప్పింది."

అళగిరిసామికి ఇల్లు గుర్తొచ్చింది. ఇంట్లో భార్య పొన్నుత్తాయి నిండుచూలాలు. అంతకుముందు రెండుసార్లు బిడ్డ దక్కలేదు. మదురైలో తోటివాళ్లతో కలిసి ఇలాంటి మాటలకు నవ్విన మనిషే. ఇప్పుడు నవ్వు రాలేదు. ఇన్‌స్పెక్టరు గొంతు సవరించుకున్నాడు.

అళగిరిసామి కళ్లు మూసుకుని ఒక మినపమొలకను తనే పెరికాడు. తెల్లటి వేరు, దానికి అంటిన మట్టి, రెండుగా విచ్చిన పప్పు. పిల్లలు భయపడుతూనే దగ్గరికి జరిగారు. ఒకడు వేలితో తాకి చూశాడు.

"ఇది సచ్చిపోతాదా అయ్యా?" అని అడిగాడు.

మదురైలో పద్ధతి నేర్పినవాళ్లు ఈ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. "తెలీదురా. మళ్లీ నాటి, రేపు చూద్దాం," అన్నాడు అళగిరిసామి. దాన్ని వేరే ముంతలో నాటి నీళ్లు చల్లాడు. ఇన్‌స్పెక్టరు తృప్తిగా తల ఊపి బండెక్కాడు. ఉద్యోగం నిలిచింది. భయం మాత్రం గుండెలోంచి కదల్లేదు.

ఇంటికి వెళ్లేసరికి కబురు ముందే చేరింది. పొన్నుత్తాయి కడుపు మీద చెయ్యి పెట్టుకుని గడపలో నిలబడి ఉంది.

"నిజమేనా మామా? నువ్వే పెరికినావా?"

"ఉద్యోగం పోతాదని పెరికినా, పొన్నూ."

ఆమె తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రేపు నేనూ బడికొస్తా. బతికిందో లేదో నా కండ్లతో చూడాల," అని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే అందరికంటే ముందు అతను బడికి పరిగెత్తాడు. ముంతలో మొలక తల వాల్చేసి ఉంది. ఏడుపొచ్చింది. పక్కన కుండలో అలాంటివే ఎన్నో నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒకటి తీసి ఇందులో పెడితే ఎవరికి తెలుస్తుంది? పిల్లలకు తెలియదు, పొన్నుకు అసలే తెలియదు. చెయ్యి కుండలోకి పోయింది.

వెనక అలికిడి అయింది. పిల్లల నడుమ పొన్నుత్తాయి నిలబడి ఉంది. అతని చేతిని చూసింది, ముంతను చూసింది. గోడ పట్టుకుని మెల్లగా కూర్చుని వాలిన కాడను వేలికొసతో ఎత్తి చూసింది.

"వాడింది. ఇంకా సావలే," అంది. "కుండలోనుంచి చెయ్యి తియ్యి మామా. బతికితే ఇదే బతకాల."

అతను చెయ్యి తీశాడు. పాంచాలి నీళ్లకు పరిగెత్తింది.