వదిలేసిన మెట్టు

మూడో దున్న ముందు మోకాళ్ల మీద కూలింది. సమ్మెట పిడి వెంట పాకిన దెబ్బ అతని మోచేతి దాకా వచ్చి అక్కడ మూలిగింది. ఇరవై రెండేళ్లుగా ఆ మోచెయ్యి మూలుగుతూనే ఉంది, వినేవాడు లేడు. కబేళాలో అతణ్ని అందరూ సమ్మెట అనే పిలుస్తారు. అసలు పేరు పెళ్లాం కూడా మరిచిపోయినట్టుంది.

నెత్తురు గచ్చు మీద వెచ్చగా జారి కాలువలో పడింది. పొట్టోడు కత్తి పట్టుకుని వంగాడు. వాడి చేతులకు తోలు ఒలవడం పని, నోటికి వాగడం పని.

"ఏంటి సమ్మెటా, మొహం అలా వేలాడేశావ్? ఇంట్లో ఎవరన్నా తన్నారా?"

కొట్టింది తనే. నిన్న సాయంత్రం. కూతురి చెంప మీద నాలుగు వేళ్లూ తేలాయి.

పిల్ల ఐదో తరగతి. ఆరుకు వెళ్లాలంటే చదివింది తన మాటల్లో చెప్పాలట, చూసింది వరుస తప్పకుండా రాయాలట. చెప్పడం అయిపోయింది. రాయడమే మిగిలింది. ఇంట్లో ఒకరు చేసే పనిని ఒక్క మెట్టూ వదలకుండా రాసుకు రమ్మన్నారు. పోయిన ఆదివారం క్యారియర్ తెచ్చినప్పుడు పిల్ల కబేళా కిటికీ దగ్గర నిలబడి చూసింది. చూసిందంతా రాసింది.

"మొదట దున్నను లోపలికి తోలుతారు. తరువాత మా నాన్న దాని ముందు నిలబడతాడు. దాని కళ్ల మధ్య చూస్తాడు. ఆ తరువాత సమ్మెటతో కొడతాడు. దున్న మోకాళ్ల మీద పడుతుంది. చివరికి మా నాన్న చేతులు తుడుచుకుంటాడు."

కింద టీచరమ్మ ఎర్ర సిరాతో రాసింది: "వర్ణన బాగుంది. కాని అంత పెద్ద పశువు కదలకుండా ఎలా నిలబడింది? ఒక మెట్టు వదిలేశావు. నాన్నను అడిగి సరిచేసి, ఆయన సంతకంతో ఎల్లుండి ఇవ్వు. ఇవ్వకపోతే మళ్లీ ఐదే."

"గొలుసు కట్టడం ఎక్కడే? వెనక కాలికి గొలుసు కట్టి, నేలలో రింగుకు తగిలించి అప్పుడు కొడతారు. కళ్లు నెత్తికెక్కాయా?" అని నిన్న కాగితం చూసి అరిచాడు.

"నువ్వు కట్టలేదు నాన్నా. నేను చూశాను."

అప్పుడే చెయ్యి లేచింది. నిజం చెప్పినందుకు దెబ్బ తినడం ఆ ఇంట్లో కొత్త కాదు. అతనూ ఐదులోనే ఆగాడు. పాఠం సారాంశం చెప్పమన్న మాస్టారి ముందు తెల్లమొహం వేస్తే, ఆయన చెక్క స్కేలు విరిగేదాకా వేళ్ల కణుపుల మీద కొట్టాడు. స్కేలుతో పాటు చదువూ విరిగింది. కుడి చేతి ఉంగరం వేలు ఈనాటికీ వంగదు. ఆ వేలు పిల్ల చెంప మీద కూడా నిటారుగానే పడింది.

పొద్దున్నే ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని పనిలోకి వచ్చాడు.

నాలుగో దున్నను తోలారు. అతను సమ్మెట పక్కన పెట్టి, గోడ మేకుకున్న గొలుసు తీశాడు. ఏళ్ల తరబడి ఎవరూ ముట్టక తుప్పు పట్టింది. వంగి దున్న వెనక కాలికి చుట్టాడు. అది ఒకసారి గుంజుకుని, ఊరుకుంది. ఒక్క దెబ్బతో పడింది.

మేస్త్రీ వచ్చేసరికి గొలుసు విప్పుతున్నాడు.

"ఏంట్రా ఈ ముస్తాబు? పట్టీలు పెట్టి పెళ్లికి తీసుకెళ్తున్నావా దాన్ని?"

"కట్టాలి కదా."

"ఇన్నాళ్లూ లేనిది ఇవాళ పుట్టుకొచ్చిందా? లారీ వాడు హారన్ కొట్టి చస్తున్నాడు. సాయంత్రానికి ఇరవై పడాలి!"

మేస్త్రీ గొలుసు లాక్కుని విసిరాడు. కొస వచ్చి అతని పెదవి చీల్చింది. ఒక పన్ను నాలుక మీదకు వచ్చింది, ఉమ్మేశాడు. తరువాత అతను మేస్త్రీని గొంతు పట్టుకుని గోడకు ఎత్తాడు. మేస్త్రీ చెప్పులు నేల వదిలాయి, కళ్లు తేలేశాడు. పొట్టోడు అతని నడుం పట్టుకుని వెనక్కి లాగకపోతే ఆ రోజు లెక్కలో ఇంకొకటి చేరేది.

మేస్త్రీ దగ్గుతూ అన్నాడు. "ఇంకోసారి గొలుసు ముట్టుకున్నావో, గేటు బయటే నీ బతుకు."

బయట ఏముందో అతనికి తెలుసు. గొలుసు తీసుకెళ్లి మేకుకే తగిలించాడు.

అన్నం వేళ బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, పిల్ల కాగితం మీద వేలు పెట్టి అక్షరం అక్షరం చదివాడు. సారాంశం ఏమిట్రా అని పాత మాస్టారు చెవిలో అరిచాడు. ఇన్నేళ్లకు జవాబు దొరికింది: నాన్న గొలుసు కట్టడు. అంతే సారాంశం.

తోళ్ల మీద గుర్తులు పెట్టే పెన్సిలు అడిగాడు.

"ఏం రాస్తున్నావ్, ప్రేమలేఖా?" అన్నాడు పొట్టోడు.

"నా కూతురి పరీక్ష."

"నువ్వు రాస్తే ఇంక పాసైనట్టే!"

మొదటి వాక్యం పక్కన ఇరికించి రాశాడు: "తరువాత మా నాన్న దాని వెనక కాలికి గొలుసు కడతాడు." కింద సంతకం చేశాడు. ఇవాళ ఒకసారి కట్టాడు, అబద్ధం కాదు. ఇంటికెళ్లి చేయాల్సింది కూడా వరుస పెట్టుకున్నాడు. మొదట చెంప నిమరాలి. తరువాత కాగితం ఇవ్వాలి. చివర, నువ్వు చూసిందే నిజమమ్మా అని చెప్పాలి.

పద్నాలుగో దున్న కాస్త తల తిప్పింది. సమ్మెట కొమ్ము మీద జారింది. దాని వెనక కాలు ఖాళీగా ఉంది, అతని వెనక గోడ ఉంది. తడి గోనె నేలకేసి కొట్టినట్టు చప్పుడైంది. పొట్టోడు తలెత్తేసరికి అతను గోడకు చేరబడి, రెండు చేతులతో కడుపు పట్టుకుని కూర్చున్నాడు.

"కాగితం..." అన్నాడు. తరువాత వరుసలో ఏమీ లేదు.

పని నలభై నిమిషాలు ఆగింది. మేస్త్రీ అతని జేబు వెతికి కాగితం తీసి, చదివి, మెల్లగా మడిచాడు. "కట్టాలని వాడికి తెలుసు. వాడి రాతే, వాడి సంతకమే." ఆఫీసు గుమాస్తా దాన్ని ప్రమాదం ఫారానికి గుచ్చి, కారణం దగ్గర 'పనివాడి నిర్లక్ష్యం' అని రాశాడు.

మర్నాడు తల్లి వెంట పిల్ల వచ్చింది. చెంప మీద వాపు తగ్గలేదు.

"ఆ కాగితం నాది. ఇవాళ టీచర్‌కి ఇవ్వాలి."

"ఇప్పుడిది కంపెనీదమ్మా," అన్నాడు గుమాస్తా.

పిల్ల బల్ల మీదకు వంగి, ఇరికించిన వాక్యం దగ్గర వేలు పెట్టింది. "ఇది నేను రాయలేదు. నేను చూసింది ఇది కాదు."

గుమాస్తా ఫైలు మూసేశాడు. పక్క షెడ్డులో కొత్త మనిషి సమ్మెట బరువు చూసుకుంటున్నాడు. గచ్చు, గోడలు, కాలువ అన్నీ కడిగేశారు. గొలుసును ఎవరూ కడగలేదు. అది మేకుకు వేలాడుతోంది, తుప్పు లంకెల నడుమ, కట్టిన ఆ ఒక్క దున్న వెంట్రుకలు నాలుగు ఇరుక్కుని.