ముక్కు బరువు

నెదర్లాండ్స్‌లో మా హోహెవేన్ ఊరి కారవాన్ క్లబ్బులో నా వెనకాల నన్ను ఏమని పిలుస్తారో నాకు తెలుసు. ముక్కు యోరిట్. ఆ పేరు నేను కష్టపడి సంపాదించుకున్నదే. ఏటా ఏప్రిల్‌లో క్లబ్బు మైదానంలో, ఇంట్లో ఒళ్లు తూచుకునే మిషను ముందేసుకుని కూర్చుని, వచ్చిన ప్రతివాడి కారవాన్ ముక్కూ తూచేది నేనే. కారవాన్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే చక్రాల ఇల్లు; ముక్కంటే కారు కొక్కెం మీద ఆనే దాని ముందు భాగం. తూచడం అయ్యాక ఉపన్యాసం కూడా ఉంటుంది, అడిగినా అడక్కపోయినా.

"బరువులన్నీ చక్రాల ఇరుసు మీద పెట్టండి, నేలకి ఆనించి. ముక్కు తేలికైందా, తోక ఊగుతుంది. ఊగిందా, యాక్సిలరేటర్ వదిలెయ్యండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకోండి. ఊపుకి ఎదురు తిప్పొద్దు."

నా వెనక బల్ల దగ్గర నా భార్య ఆల్త్యె అందరికీ కాఫీ పోస్తూ, మనిషికొక్క బిస్కెట్టు చొప్పున ఇస్తూ ఉంటుంది. ఆమె వింటోందని నేనెప్పుడూ అనుకోలేదు.

పోయిన వేసవిలో ఫ్రాన్స్‌లో లియోన్ దాటాక ఒక లారీతో పంతానికి పోయి ఆమెను హడలగొట్టాను. ఆ సాయంత్రం డేరా మేకులు కొడుతుంటే వచ్చి నెమ్మదిగా చెప్పింది. "యోరిట్, ఇంకొక్కసారి నన్నిలా భయపెట్టావంటే కారవాన్ రోలోఫ్‌కి అమ్మేసెయ్. నేనింక రాను." రోలోఫ్ మా పక్కింటాయన. ఆ సంగతి చెవిన పడ్డప్పటి నుంచి మా కారవాన్ టైర్లు నొక్కి చూస్తున్నాడు. కారవాన్ పోతే పోయింది. ముప్పై ఒక్క వేసవులు పక్క సీట్లో కూర్చున్న మనిషి రానంటే మాత్రం నేను తట్టుకోలేను.

అందుకే ఈసారి మహా జాగ్రత్తగా ఉన్నాను. వారం ముందే ముక్కు తూచాను. డెబ్బై రెండు కిలోలు. మా కొక్కేనికి డెబ్బై ఐదు దాకా పరవాలేదు. ఆ అంకె కాగితం మీద రాసి తలుపుకి అంటించాను కూడా.

ఫ్రాన్స్‌కి బయల్దేరే రోజు పొద్దున్నే మా తమ్ముడు తన పొలంలో పండిన బంగాళాదుంపలు రెండు బస్తాలు తెచ్చి దింపాడు. ఫ్రాన్స్‌లో దుంపలు దొరకవా అని అడక్కండి. దొరుకుతాయి, కానీ వాటిని దుంపలంటే మా వైపు ఎవరూ ఒప్పుకోరు. రెండు బస్తాలూ కారవాన్ వెనక బెంచీ కింద తోశాను.

"మళ్లీ తూచవా?" అంది ఆల్త్యె.

"దుంపలే కదే!"

పైగా బరువు కలిసొస్తుందని తూచే మిషనుని ఇంట్లోనే వదిలేశాను. రెండు కిలోలు ఆదా.

దారిలో బెల్జియం ఆర్డెన్ కొండల దిగుడులో ఒక టూరిస్టు బస్సు మమ్మల్ని దాటింది. దాని గాలికి వెనక ఏదో కదిలింది. అద్దంలో చూస్తే కారవాన్ ఒకసారి ఎడమ పక్కన, ఒకసారి కుడి పక్కన కనిపిస్తోంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ముక్కు యోరిట్ ఏం చేశాడనుకున్నారు? ఊపుకి ఎదురు తిప్పాడు. ఊపు రెట్టింపైంది.

"యాక్సిలరేటర్ వదులు," అంది పక్క నుంచి ఆల్త్యె, కాఫీలో చక్కెర ఎంత అని అడిగే గొంతుతో. "స్టీరింగ్ తిన్నగా పట్టుకో. ఎదురు తిప్పకు. అంతే. అలాగే ఉండు."

అలాగే ఉన్నాను. ఊపు తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగింది. దొరికిన మొదటి పార్కింగ్‌లో బండి ఆపాను. నేనింకా స్టీరింగ్ తిన్నగా పట్టుకునే ఉన్నాను. ఆమే దిగి వెనక్కి వెళ్లి, కారవాన్‌ని కారు నుంచి విడదీసి, ముక్కు పట్టుకుని ఎత్తింది. ఒంటి చేత్తో. ఆమెకి అరవై మూడేళ్లు.

"డెబ్బై రెండు కిలోలా ఇది?"

నాకు తల కొట్టేసినట్టయింది. గురివింద గింజకి తన నలుపు తెలియదంటారు. నేనైతే ఊళ్లో గింజలన్నిటికీ నలుపు చూపించి వచ్చినవాణ్ణి.

తోకని కిందికి నొక్కి ముక్కుని పైకి లేపుతున్న ఆ బస్తాల్ని ఇద్దరం కలిసి ఇరుసు మీదికి ఈడ్చాం. ఆమె మళ్లీ ముక్కు ఎత్తబోతే ఈసారి కదల్లేదు. కారుకి తగిలించాక ఫ్లాస్కులో కాఫీ తాగాం. అడగాల్సిన మాట అడిగాను.

"రోలోఫ్‌కి ఏం చెప్పమంటావు?"

"అమ్మడం లేదని చెప్పు." చెయ్యి చాపింది. "తాళాలివ్వు."

ముప్పై ఒక్క ఏళ్లలో మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాను. అక్కడి నుంచి చూస్తే లారీలు చాలా పెద్దవి. ఆమె బండి వేగం గంటకి ఎనభై కిలోమీటర్లు దాటనివ్వలేదు. అయినా మొదటి దిగుడు రాగానే నా కుడికాలు దానంతటదే నేలని గట్టిగా తొక్కింది.

ఆల్త్యె రోడ్డు మీంచి చూపు తిప్పకుండానే అంది.

"అక్కడ బ్రేకు లేదు, యోరిట్. నేనూ ముప్పై ఒక్క ఏళ్లు వెతికాను."