కత్తెర పడని తోటకూర

తోటకూర ఆకు కొసన ఒక నీటిచుక్క.

పడదు. ఊరికే వణుకుతుంది.

దాన్నే చూస్తూ కూర్చుంటారు మా మావయ్య. పొద్దున్నే, బాల్కనీలో, ప్లాస్టిక్ కుర్చీలో. ఒళ్లో కుడిచెయ్యి.

అదీ వణుకుతుంది.

నలభై ఏళ్లు బట్టలు కుట్టిన చెయ్యి. ఎందరో పెళ్లికొడుకుల పొట్టల్ని కోట్లలో దాచిపెట్టి పరువు కాపాడిన చెయ్యి. పోయిన ఏడాది పక్షవాతం వచ్చి, ఎడమచేతిని ముట్టుకోకుండా, ఏరికోరి దాన్నే పట్టుకుంది.

టైలర్ కొట్టుకి తాళం. తాళంచెవి మావయ్య చొక్కా జేబులో. కొట్టు ఎవరికైనా ఇచ్చేద్దామంటాడు మా ఆయన. "చెయ్యి రానీరా" అంటారు మావయ్య.

డాక్టరు మెత్తటి బంతి ఇచ్చాడు, రోజూ పిసకమని. మావయ్య ఒక్కసారి పిసికి పక్కన పెట్టేశారు.

"ఇంత పిసికితే చివరికి ఒక జేబైనా రావాలి కదమ్మా."

జేబు రాలేదు. తోటకూర వచ్చింది.

చిల్లులు పెట్టిన పెయింటు డబ్బాలు. పిడి ఊడిన బకెట్టు. మట్టి మీద ముందు గీత గీశారు... గీత లేకుండా ఆయన ఏదీ మొదలుపెట్టరు. గీత వంకర. గింజలేమో ఆవగింజలో సగం లేవు. చిటికెతో చల్లాలి. చిటికె పట్టు నిలవదు. ఒకచోట కుప్ప. ఒకచోట బోడి.

నాలుగో రోజు మట్టిలోంచి ఎర్రటి దారప్పోగులు.

ఒత్తుగా ఉన్నచోట ఒక్కో పోగూ పీకారు. ఒక్కోదానికి పావుగంట. పట్టు జారేది. మళ్లీ. జారేది. మళ్లీ.

నెల తిరిగేసరికి — అరచెయ్యంత ఆకులు. వెనకనుంచి ఎండ పడితే ఈనెలన్నీ ఎర్రగా వెలిగేవి. నేను గిన్నెలు కడగడం ఆపి చూసేదాన్ని. అంతకంటే పెద్ద పొగడ్త నా దగ్గర లేదు.

కాకపోతే మా ఇంట్లో ఒక రోగం ఉంది. బాగున్న వస్తువుని వాడం.

మా సోఫాకి కవరుంటుంది. కవరు మాయకుండా దుప్పటి ఉంటుంది. దుప్పటి నలుగుతుందని మేం కింద కూర్చుంటాం. నా పెళ్లికి వచ్చిన డిన్నర్ సెట్టుకి ఇంతవరకూ అన్నం రుచి తెలీదు.

అలాంటి ఇంట్లో పుట్టింది తోటకూర. ఇంకెవరు కోస్తారు?

అత్తయ్య వచ్చినవాళ్లందరికీ చూపించింది. మా ఆయన పక్కన నిలబడి ఫొటో దిగాడు — ఒక్క రోజు చెంబెడు నీళ్లు పోసిన పాపాన పోలేదు. అందరం చూసి, మురిసి, వండుకోడానికి మాత్రం వీధి చివర కొనుక్కొచ్చుకున్నాం.

ఒకరోజు ఆకుకూరలామె కట్ట నా చేతికివ్వకుండా ఆగింది.

"మూడో అంతస్తులో అంత కూర పెట్టుకుని నా దగ్గర కొంటారేంటమ్మా? ఇక్కణ్నుంచి కనబడట్లేదనుకున్నావా?"

"అది మా మావయ్యది."

"ఎవరిదైతే దానికేంటి! కొయ్యకపోతే ఈ వారంలో కంకి వేస్తుంది. ఆకంతా పీచు. కొస కోస్తేనే పక్కల చిగురు లేచేది."

ఇంటికొచ్చి మావయ్యకి చెప్పాను.

లేచి ఒక్కో డబ్బా దగ్గరా వంగి, కొసలు చూశారు. తర్వాత —

"కత్తెర తే అమ్మా."

అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది, మా ఆయన ఫోనులోంచి తలెత్తాడు.

ఆ కత్తెర. నూనెగుడ్డలో చుట్టి, బీరువాలో, జబ్బు చేసిన రోజునుంచి. బట్ట తప్ప ఇంకోటి ముట్టదు. చిన్నప్పుడు దాంతో కాగితం కోసినందుకు మా ఆయనకి వీపు చిట్లింది.

"ఆకుకూరకి ఆ కత్తెరేంటండీ! మొద్దుబారిపోతుంది" అంది అత్తయ్య.

"దాచిపెడితే పదునుంటుందా?" అన్నారు మావయ్య, సోఫా వైపు చూస్తూ.

అప్పుడు తెలిసింది నాకు. మేం అందం చూసి కొయ్యలేదు. ఆయన భయపడి కొయ్యలేదు. కత్తెర పట్టాక చెయ్యి మూసుకోకపోతే... ఇక "చెయ్యి రానీ" అనడానికి కూడా ఉండదు.

కత్తెర తెచ్చిచ్చాను. మావయ్య బొటనవేలు పిడిలోకి దూరలేదు. ఎడమచేత్తో దూర్చుకున్నారు. కత్తెర తెరుచుకుంది. కాడ మధ్యలోకి వచ్చింది.

ఆగింది.

మా ఆయన ఫోను తియ్యలేదు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి.

కచ్.

సగమే తెగింది.

కచ్.

కొస రాలింది. మావయ్య దాన్ని ఎడమచేత్తో ఎత్తి, తెగినచోటు కంటికి దగ్గరగా పెట్టుకున్నారు. కొత్త పనివాడి కుట్టు చూసినట్టు.

"వంకర."

"ఎలాగూ ఉడికిపోయేదేగా, ఎవరు చూస్తారు?" అంది అత్తయ్య.

"నేను చూస్తాను."

రెండో కాడ మధ్యకి కత్తెర జరిగింది. వంగినప్పుడు జేబులో తాళంచెవి కదిలింది.

మొదటి కాడ మీద, కోసినచోట, చిన్న చుక్క ఊరింది.

పడదు.

ఊరికే వణుకుతుంది...